వింగ్‌లో కొబ్బరినూనె వాసన

ముందుగా తగిలింది వాసన. కొబ్బరినూనె వాసన.

అప్పుడు నేను స్టేజీ పక్కన, నల్లతెరల మధ్య సందులో ఉన్నాను. ఆ సందుని వింగ్ అంటారు. ఎనిమిది మంది చిన్నపిల్లల్ని గోడ వారగా నిలబెట్టి వాళ్ళ వంతు కోసం చూస్తున్నాను. మూడు వారాలుగా అక్కడే నిలబడుతున్నాను కాబట్టి అక్కడి వాసనలన్నీ నాకు కంఠతా వచ్చు. హెయిర్‌స్ప్రే, చెమట, వేడెక్కిన లైట్ల మీది దుమ్ము, ఎన్నడూ పూర్తిగా ఆరని గుడ్డ షూలు. వాటిలో కొబ్బరినూనె లేదు. ఉండకూడదు కూడా. ఆ భవనం మొత్తం మీద కొబ్బరినూనె సీసా ఉన్నది ఒక్క సంచిలోనే. ఆ సంచి నాది.

కిందికి చూశాను. వింగ్‌లో వెలిగే చిన్న నీలం బల్బు కింద, నల్లటి నేల మీద, తెల్లగా పొరకట్టిన ఒక మచ్చ. ఇంకాస్త వంగి చూస్తే అది మచ్చ కాదు, పాదం. చిన్న మడమ, దాని ముందు మూడు వేళ్ళు. ఏసీ చలికి నూనె పేరుకుపోయి వెన్న పూసినట్టుంది. ఆ పాదం ఎవరిదో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆ పాదాలకి చెప్పులు కొంటున్నది నేనే.

అంతలో వెనక నుంచి అడుగుల చప్పుడు. పెద్ద క్లాసులో ఉన్న పదహారేళ్ళ అమ్మాయి పరుగున వస్తోంది. ఆ మచ్చ ఉన్న చోటు నుంచే ఆమె స్టేజీ మీదకి గెంతాలి. రెండుసార్లు ఊపిరి పీల్చుకునేంత వ్యవధి ఉంది నాకు. చెయ్యి అడ్డం పెట్టొచ్చు. "ఆగు" అనొచ్చు. కనీసం ఒక అడుగు ముందుకేసి ఆ మచ్చ మీద నేనే నిలబడొచ్చు. వింగ్‌లో నోరు విప్పకూడదన్నది మాకు పెట్టిన మొదటి నియమం, అందుకే ఊరుకున్నానని ఆ సాయంత్రమంతా నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. "ఆగు" అంటే, ఎందుకు ఆగాలో కూడా చెప్పాల్సి వస్తుంది.

నేను ఊరుకున్నాను. ఆమె గెంతింది.

*

ఇక్కడ బడి సెలవులు నవంబర్ మధ్యలో మొదలై డిసెంబర్ చివరిదాకా ఉంటాయి. ఆ సెలవుల్లో మిగతావాళ్ళ పిల్లలు ఇండియా వెళ్తారు, బాలి వెళ్తారు. మా పిల్లలు ఇంటి దగ్గరి జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కి థియేటర్‌కి వెళ్తారు. మా పాప బాలే నేర్చుకునే స్కూలు ప్రతి డిసెంబర్‌లోనూ సెలవుల షో వేస్తుంది. మూడు వారాలపాటు, శనివారం రెండు ఆటలు, ఆదివారం మధ్యాహ్నం ఒకటి. వాన తప్ప చలి ఎరగని ఈ ఊళ్ళో, ఆ రెండు గంటలూ పైనుంచి కాగితం మంచు కురుస్తుంది. షో అయ్యాక ఆ కాగితాలు పిల్లల జుట్టులోంచి, బట్టల్లోంచి, ఒక్కోసారి చెవుల్లోంచి ఏరేది మేము.

మేము అంటే తల్లులం. పిల్ల షోలో ఉంటే తల్లి వాలంటీర్‌గా రావాలి. వాలంటీర్ అంటే ఇష్టపడి వచ్చేవాళ్ళని నేను చదువుకున్నాను. ఇక్కడ ఫారంలో ఆ గడికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చప్పుడు చెయ్యని చెప్పులు వేసుకుని రావాలి. ఒక్కొక్కరికి ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళ జుట్టు ముడేసి బన్ కట్టాలి, పిన్నులు గుచ్చాలి, టాయిలెట్‌కి తీసుకెళ్ళాలి. మూడు పొరల గౌను వేసుకున్న ఆరేళ్ళ పిల్లని ఇరుకు టాయిలెట్‌లో కూర్చోబెట్టడం ఎలాగో ఏ కాలేజీలోనూ చెప్పరు. నేను మైక్రోబయాలజీ చదివాను. ఇప్పుడు గౌను అంచులు నోటితో పట్టుకుని, రెండు చేతులతో పిల్లని పట్టుకోవడం వచ్చు.

ఎనిమిది షోలు గడిచాయి. ఎనిమిదింట్లోనూ మా పాప డాన్సుని నేను వింగ్‌లోంచే చూశాను, అంటే ఆమె వీపునే చూశాను. నవ్విందో లేదో, తల ఎత్తిందో లేదో తెలియదు. హాలు చప్పట్లు కొడితే, బాగా చేసిందన్నమాట అనుకునేదాన్ని. ఆఖరి షోకి మాత్రం నాకు సెలవు ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం, ఐదో వరస, మా ఆయన పక్కన ఒక సీటు. నెల రోజులుగా ఆ టికెట్ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. పాలు తీసినప్పుడల్లా దాన్ని చూసుకునేదాన్ని.

స్కూలు నడిపే టీచర్‌ని అందరూ మిస్ అంటారు. అరవై దాటిన చైనీస్ ఆవిడ, గరిటెలా సన్నగా, నిటారుగా ఉంటుంది. తల్లులెవరి పేరూ ఆవిడకి గుర్తుండదు, అందరినీ మమ్మీ అంటుంది. "మమ్మీ, నో ఫోన్." "మమ్మీ, దట్ బన్ ఈజ్ ఎ మీట్‌బాల్, డూ అగైన్." నా పిల్లలిద్దరూ కలిసి పిలిచినదానికన్నా ఎక్కువసార్లు నన్ను అలా పిలిచింది ఆవిడే. డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి ఆవిడ పెట్టిన నియమాల కాగితం, ప్లాస్టిక్ తొడుగు వేసి మరీ, అంటించి ఉంటుంది. తొమ్మిదోది ఇది: నూనెలు, క్రీములు, పౌడర్లు లోపలికి తేకూడదు, నేలకి అంటితే జారతారు, ఎవరి సంచిలో దొరికితే వాళ్ళ పిల్ల తరవాతి షోలో ఆడదు.

నేను ఆ కాగితం చదివాను. చదవలేదని బుకాయించడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే మొదటి రోజు దాన్ని మిగతా తల్లులకి పైకి చదివి వినిపించింది నేనే.

*

ఆ శనివారం మధ్యాహ్నం ఆటకీ సాయంత్రం ఆటకీ మధ్య రెండున్నర గంటల ఖాళీ దొరికింది. తల్లులు పక్కనున్న తిండి అంగళ్ళ నుంచి, అదే హాకర్ సెంటర్ నుంచి, చికెన్ రైస్ పొట్లాలు తెప్పించుకున్నారు. నేను పెరుగన్నం తెచ్చుకున్నాను. ఆ పదహారేళ్ళ అమ్మాయి ఎప్పటిలాగే మా దగ్గరకొచ్చి నేలమీద కూర్చుంది.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. ఊరికి అటు చివర, బెడోక్‌లో వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఈ ఏడే మొదటిసారి ఆమెకి ఒంటరి నాట్యం ఇచ్చారు, రెండున్నర నిమిషాలు. మా పాపకి రిబ్బన్లు కుట్టడం, షూ ముడులు లోపలికి దోపడం నేర్పింది ఆమే. పాప ఆమెని ఎదురుగా చైనీస్‌లో జీజీ అంటుంది, నాతో అక్క అంటుంది. మొదటి వారం ఆమె నా డబ్బాలోకి తొంగిచూసి "ఆంటీ, వాట్ ఈజ్ దట్ వైట్ వైట్ థింగ్?" అంది. ఒక ముద్ద పెట్టాను. ఆ తరవాత నేను ఇద్దరికి సరిపడా తెచ్చేదాన్ని.

"ఆంటీ, టుమారో మై ఆ మా కమింగ్," అంది ఆ రోజు, వేళ్ళు నాకుతూ. ఆ మా అంటే నాయనమ్మ. "ఫస్ట్ టైమ్. హర్ నీ వెరీ పెయిన్, సో ఐ బుక్ ద వీల్‌చెయిర్ ప్లేస్. షీ థింక్ బాలే ఈజ్ లైక్ ఎక్సర్సైజ్, యూ నో. సీనియర్ సిటిజన్ ఎక్సర్సైజ్."

"అయితే రేపు చూసి కుర్చీలోంచి లేచి తనూ ఆడుతుందేమో," అన్నాను.

"డోంట్ లా ఆంటీ! షీ రియల్లీ విల్!"

ఇద్దరం నవ్వాం. అన్నం తిని ఆమె సాధన చేసుకోవడానికి స్టేజీ వైపు వెళ్ళింది.

అప్పుడు పాప కాళ్ళు చాపి నా ఒళ్ళో పెట్టింది. "అమ్మా, బర్నింగ్."

మడమలు పైకెత్తి చూశాను. మూడు వారాల ఏసీ చలికి ఎండిపోయి, పగుళ్ళిచ్చి, ఒక పగులులో సన్నగా నెత్తురు కనిపిస్తోంది. షూ కుట్టు ఒరుసుకున్న చోట ఎర్రగా కందిపోయింది. నా చిన్నప్పుడు నేను మూడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. గచ్చు మీద ఉత్త కాళ్ళతో ఆడి ఇంటికొస్తే మా అమ్మ ముందు నా పాదాలు ఒళ్ళో పెట్టుకునేది, కొబ్బరినూనె వెచ్చజేసి మర్దనా చేసేది. ఆడి వచ్చిన కాళ్ళకి నూనె పెట్టకపోవడమంటే మా ఇంట్లో అన్నం పెట్టకపోవడంతో సమానం. అందుకే షాంపూ సీసాలో కాస్త నూనె పోసి సంచి అడుగున పెట్టుకుని తిరుగుతున్నాను. తొమ్మిదో నియమం నాకు అడ్డనిపించలేదు. ఆ కాగితంలో రాసింది సోకులకి వాడే నూనెల గురించి. ఇది మందు. అలా సర్దిచెప్పుకున్నాను.

సీసా తీస్తే నూనె గడ్డకట్టి ఉంది. దాన్ని టాయిలెట్‌కి తీసుకెళ్ళి, చేతులు ఆరబెట్టుకునే మిషన్ కింద పెట్టి సగం కరిగించాను. ఆ పని చేస్తూ తలుపు వైపు రెండుసార్లు చూసుకున్నాను. తప్పని తెలియకపోతే తలుపు వైపు ఎందుకు చూస్తాను?

పాప రెండు పాదాలకీ బాగా పట్టించాను. "ఇది లోపలికి ఇంకేదాకా కదలకు. తరవాత తడిగుడ్డతో తుడిచి షూ వేస్తాను," అన్నాను.

"హౌ లాంగ్?"

"నేను చెప్పేదాకా."

అంతలో ఒక పిల్ల "ఆంటీ, టాయిలెట్, అర్జెంట్" అంటూ నా చొక్కా లాగింది. వెళ్ళాను. ఆ పిల్లని చూసి ఇంకో ఇద్దరికీ వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి పాప ఎక్కడ వదిలానో అక్కడే కూర్చుని ఉంది. చెప్పులు మాత్రం ఆమె పక్కన కాకుండా ఒళ్ళో ఉన్నాయి. ఎందుకున్నాయో అడగలేదు. పాదాలు తుడిచాను, షూలు వేశాను. అక్క సాధన చూడాలని, చెప్పుల చప్పుడు వినిపిస్తే మిస్ తిడుతుందని, వాటిని చేత్తో పట్టుకుని ఉత్త కాళ్ళతో వింగ్ దాకా వెళ్ళొచ్చిందని నాకు తెలిసింది సాయంత్రం, ఆ మచ్చ చూసినప్పుడు.

*

ఆమె గెంతింది అన్నాను కదా. కుడికాలు నేలకి తగలగానే ముందుకి జారింది. ఒక మోకాలి మీద పడింది, చేత్తో నేలని పట్టుకుంది. సగం వింగ్‌లో, సగం వెలుగులో. హాల్లో ఎవరో "ఓ" అనడం వినిపించింది. సంగీతం ఆగదు. ఆమె లేచింది, కానీ తాళంలో మూడు లెక్కలు దాటిపోయాయి. మిగతా రెండు నిమిషాలూ ఆ మూడు లెక్కలని అందుకోవడానికి పరిగెత్తినట్టే ఆడింది.

నేను ఏం చేశాను? సంచిలోంచి తడి టిష్యూ తీసి, వంగి, నేల తుడిచాను. నా పిల్లలు ఎనిమిది మంది తరవాత వెళ్ళేది ఆ దారినే, వాళ్ళు జారకూడదు కదా అని తుడిచాను. ఎవరికీ కనబడకూడదని కూడా తుడిచాను. ఈ రెండింటిలో ఏది ముందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. టిష్యూని మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

ఆమె నాట్యం ముగించి మా వింగ్‌లోకే తిరిగొచ్చింది. రొప్పుతోంది, మోకాలు చెక్కుకుపోయింది. నా చెవి దగ్గర వంగి గుసగుసగా "సారీ ఆంటీ, ఐ నియర్లీ హిట్ యువర్ కిడ్స్," అంది.

నాకు సారీ చెప్పింది.

షో అయ్యాక మిస్ ఆమెని కారిడార్‌లో నిలబెట్టింది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, అందరికీ వినిపించింది. గోడవారన రోజిన్ పెట్టె ఉంటుంది. మన గుగ్గిలం లాంటి పొడి అది. స్టేజీ ఎక్కేముందు అందులో షూ అడుగులు రుద్దుకుంటే పట్టు ఉంటుంది. మిస్ ఆ పెట్టెని వేలితో చూపించింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎవరైనా జారతారు," అంది మిస్ ఇంగ్లీషులో. "తిరుగుతూ జారు, గెంతి దిగుతూ జారు, నేను ఒక్క మాట అనను. నువ్వు లోపలికి వస్తూ జారావు. అంటే సిద్ధపడి రాలేదు. పెట్టెలో కాలు పెట్టావా?"

"పెట్టాను అనుకుంటున్నాను, మిస్."

"అనుకుంటున్నావా?"

రేపటి ఆఖరి షోలో ఆ నాట్యం ఇంకో అమ్మాయి చేస్తుందనీ, ఈమె వెనక వరసలో నిలబడాలనీ చెప్పి మిస్ వెళ్ళిపోయింది.

నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో ఎవరి పిల్లదో టోపీ. జేబులో ఆ టిష్యూ, ప్యాంటు గుడ్డలోంచి తొడకి చల్లగా తగులుతోంది. మిస్ మీద కోపం వచ్చింది. పద్నాలుగు నియమాలు రాసినావిడ, నేలని ఒకసారి తడిమి చూడదా? రోజిన్ పెట్టెని అంత నమ్మే మనిషి పిల్లని నమ్మదా? అరగంట పాటు ఆ కోపాన్ని గట్టిగా పట్టుకున్నాను. నా మీద నాకు రావలసినదంతా ఆవిడ మీదకి తోసేశాను.

ఆ అమ్మాయి డ్రెస్సింగ్ రూమ్‌లోకొచ్చి పిన్నులు తీసుకుంటూ, అద్దంలో నన్ను చూస్తూ అంది. "ఆంటీ, ఐ స్టెప్డ్ ఇన్ ద బాక్స్. ఐ థింక్. ఆర్ మేబీ దట్ వాజ్ ద ఆఫ్టర్‌నూన్ షో. ఐ డోంట్ నో ఆల్రెడీ."

ఆమె కాలు పెట్టింది. నేను చూశాను. షూ అడుగున పసుపుపచ్చ పొడి స్పష్టంగా కనిపించింది. ఆ మాట కూడా అనలేదు.

తల్లులందరికీ పెద్దదిక్కులా ఉండే తమిళావిడ అప్పుడే లోపలికొచ్చింది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం వాళ్ళది, మాట సగం తమిళం, సగం ఇంగ్లీషు. ముక్కు ఎగబీల్చి, "ఎన్న, కోకనట్ ఆయిల్ స్మెల్ వస్తోంది?" అంది.

"నా జుట్టేమో అక్కా," అన్నాను.

ఆవిడ నా తల మీదకి వంగింది. "ఈ జుట్టా? దీనికి ఆయిల్ తగిలి వన్ ఇయర్ అయినట్టుంది. గడ్డివాములా ఉంది, పో!" అని పకపకా నవ్వి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. నవ్వగలిగాను.

*

ట్రైన్‌లో పాప నా భుజం మీద వాలి అడిగింది. "అమ్మా, వై అక్క స్లిప్?"

"చూసుకోకుండా పరిగెత్తింది."

"బట్ షీ ఆల్వేస్ లుక్." "నెవర్ మైండ్. టుమారో ఐ విల్ స్టెప్ ఇన్ ద బాక్స్ టూ టైమ్స్. దెన్ ఐ వోంట్ ఫాల్ లైక్ హర్."

అంతవరకూ ఎలాగో ఓర్చుకున్నాను. ఆ మాట మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఎవరినైతే చూసి రిబ్బను కుట్టుకోవడం నేర్చుకుందో, ఆ అక్కలా కాకూడదని నా కూతురు ఆ ట్రైన్‌లో నేర్చుకుంది. నేర్పింది నేను.

ఇంటికి చేరాక మా ఆయనకి చెప్పాను. వన్-నార్త్‌లో ఆయన ఆఫీసు, డిసెంబర్ అంతా సాఫ్ట్‌వేర్ రిలీజులే. శనివారమైనా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. పక్కన మా ఐదేళ్ళవాడు లెగో ముక్కలతో ట్రైన్ కడుతున్నాడు. ఆయన అంతా విని, ల్యాప్‌టాప్ మూత వేశారు.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అమ్మాయికి దెబ్బ పెద్దదా?"

"మోకాలు చెక్కుకుంది, అంతే."

"మరింకేంటి? ఒక్క షో. దాని కోసం పాప ఏడాది కష్టపడింది. నువ్వు చెప్తే మిస్ దీన్ని కూర్చోబెట్టేస్తుంది. నూనె రాసింది నువ్వు, శిక్ష దానికి. ఇదేం న్యాయం?"

"మరి ఆ పిల్లకి మాత్రం ఏం న్యాయమండీ? వాళ్ళ నాయనమ్మ వస్తోంది."

"మీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజుకి రెండొందల మెసేజులు. కావాల్సిన మాట ఒక్కటీ ఉండదు," అన్నారు, దేని మీద చూపించాలో తెలియని విసుగుతో. తరవాత లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టారు. ఆయన గిన్నెలు తోమితే ఆలోచిస్తున్నారని అర్థం. కుళాయి కట్టేసి, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "నీ ఇష్టం. కానీ పాపకి నువ్వే చెప్పు. నన్ను చెప్పమనకు."

పిల్లలు పడుకున్నాక ఆ టిష్యూ జేబులోంచి తీశాను. చెత్తబుట్టలో వెయ్యబోయి ఎందుకో వెయ్యలేకపోయాను. కిచెన్ గట్టు మీద పెట్టాను. ఆ ముద్ద మా వంటింట్లో మామూలుగా ఉండే వాసనే వేసింది. అమ్మ ఒళ్ళో కాళ్ళు పెట్టుకున్న రోజుల వాసన. అందులో ఏ పాపమూ లేదు. నూనె ఒక చోట మందు, ఇంకో చోట ప్రమాదం అన్న సంగతి నాకు తెలుసు, చదువుకున్నదాన్ని. కాళ్ళకి నూనె రాయడం పొరపాటు, అంతే. ఆ తరవాత చేసినవాటికి ఆ మాట సరిపోదు. ఊరుకున్నాను, తుడిచాను, జుట్టు అని అన్నాను, చూసుకోలేదని అన్నాను. నాలుగూ నేను ఆలోచించి చేసినవే.

తెల్లారి ఆరున్నరకి మిస్‌కి మెసేజ్ రాశాను. ఇంగ్లీషులో మొదట చాలా పెద్దగా వచ్చింది, అమ్మ, కూచిపూడి, చలికి పగిలిన మడమలు. అవన్నీ కొట్టేశాను. నూనె నేను తెచ్చాను, పాప పాదాలకి రాశాను, అది నేలకి అంటింది, ఆమె గెంతేముందే నేను చూశాను, చెప్పలేదు, తరవాత తుడిచాను. ఆమె రోజిన్ పెట్టెలో కాలు పెట్టింది, నా కళ్ళతో చూశాను. ఇంతే మిగిలింది. పంపాను. టిక్కులు రెండూ నీలం అయ్యాయి. జవాబు రాలేదు. ఐదు నిమిషాలు చూశాను, పది నిమిషాలు చూశాను. ఆవిడ అంతే, ఎదుటివాళ్ళని నిలబెట్టడం ఆవిడకి బాగా తెలుసు.

ఇడ్లీ పొయ్యి మీద పెట్టి పిల్లల్ని లేపాను. ఇద్దరూ ఒకే మంచం మీద, దుప్పట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నేను మంచం చివర కూర్చున్నాను.

"నిన్న ట్రైన్‌లో నీకు ఒక మాట చెప్పాను. అక్క చూసుకోకుండా పరిగెత్తిందని. అది అబద్ధం. అక్క జారింది నేను నీ కాళ్ళకి రాసిన నూనె మీద. ఆమె గెంతేముందే నాకు కనిపించింది, అయినా ఆగమని చెప్పలేదు. ఇప్పుడు మిస్‌కి అంతా రాసి పంపాను."

పాప కళ్ళు పెద్దవయ్యాయి. "దెన్ టుడే ఐ కెనాట్ డాన్స్?"

"తెలీదు. మిస్ ఇంకా చెప్పలేదు. ఆడొద్దనొచ్చు."

"బట్ ఐ నెవర్ డూ ఎనీథింగ్!" అని అరిచి, ఠక్కున ఆగింది. మొహం మారిపోయింది. "అమ్మా... ఐ వెంట్ బేర్‌ఫుట్. ఐ ఓన్లీ వాంటెడ్ టు సీ హర్."

"నీ తప్పు కాదు. నూనె తెచ్చింది నేను, రాసి వదిలేసి వెళ్ళింది నేను."

వాళ్ళ తమ్ముడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సో అమ్మ గో నాటీ కార్నర్?"

పాపకి ఏడుపు అప్పుడొచ్చింది. దిండులో మొహం పెట్టి, వీపు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. ఎనిమిది షోల్లో చూసిన వీపే. చెయ్యి వేస్తే విదిల్చింది. ఆ వీపుతోనే మాట్లాడాను.

"లేచి పళ్ళు తోముకో, తల్లీ. బన్ కడతాను, పిన్నులన్నీ పెడతాను, షూలు సంచిలో పెడతాను. మిస్ సరేనంటే ఆడుదువుగాని. వద్దంటే ఫ్రిజ్ మీద ఉన్న టికెట్ నీది, నాన్న పక్కన కూర్చుని అక్కని ముందు నుంచి చూడు, నేను బయట ఉంటాను. నాతో మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు, ట్రైన్‌లో నాన్న పక్కన కూర్చో. కానీ థియేటర్‌కి వెళ్ళగానే ముందు అక్క దగ్గరికి వెళ్తాం. నువ్వు నా పక్కన నిలబడితే చాలు, మాట్లాడేది నేను. ఇప్పుడు ఇడ్లీ తిందువుగాని రా, ఆవిరి పోతోంది."